వందల గొంతులు మెల్లగా పాడినప్పుడు

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం నన్ను మాట్లాడమన్న విషయం చాలా పెద్దది. సింఫనీ ఆర్కెస్ట్రా, దాని వెనక మెట్లమీద వందమందికి తగ్గని క్వయర్ (కలిసి పాడే బృందం), ముందు వరసలో నలుగురు సోలో గాయకులు కలిసి కచేరీ హాల్లో వినిపించే భక్తి సంగీతం గురించి. మాస్‌లు, రెక్వియమ్‌లు, పాషన్‌లు, ఒరటోరియోలు అంటారు వీటిని. ఈ పేర్లు కొత్తగా ఉన్నవాళ్ళ కోసం ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళతాను. ఆరాధనలో ఎప్పుడూ పలికే ప్రార్థనలకు సంగీతం కడితే అది మాస్. చనిపోయినవారి కోసం చేసే ప్రార్థనలైతే రెక్వియమ్. క్రీస్తు శ్రమల కథ పాషన్. వేషాలు, తెరలు లేకుండా బైబిలు వాక్యాలనో కథనో పాడితే ఒరటోరియో. ఇంతకుమించి నిర్వచనాలు మనకు అక్కర్లేదు.

వీటి గురించి ఎవరు మాట్లాడినా ముందు బలగం లెక్క చెబుతారు. స్వరకర్త మాలర్ ఎనిమిదో సింఫనీ ఒక లాటిన్ కీర్తనతో మొదలవుతుంది. 1910లో మ్యూనిక్‌లో దాన్ని మొదటిసారి వినిపించినప్పుడు నిర్వాహకుడు 'వెయ్యిమంది సింఫనీ' అని ప్రచారం చేశాడు. మాలర్‌కు ఆ పేరు నచ్చలేదు. ఆయన చిరాకు నాకు బాగా అర్థమవుతుంది. ఇంతమంది ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు గట్టిగా పాడేచోట వెతికితే దొరకదు. మెల్లగా పాడేచోట వెతకాలి. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. పదిమంది పాడుతున్నచోట వందమందిని నిలబెడితే చప్పుడు పదింతలు అవుతుందనుకుంటాం. కాదు. పెరిగేది 10 డెసిబెల్స్. మన చెవికి అది సుమారు రెట్టింపు అనిపిస్తుంది, అంతే. చప్పుడే కావాలనుకుంటే ఇంతమందిని పోగుచేయడం దండగ. ట్రాంబోన్ అనే ఇత్తడి బూర ఊదేవాళ్ళు నలుగురు చాలు, క్వయర్ మొత్తాన్నీ మింగేస్తారు. వందమంది వల్ల నిజంగా మారేది స్వరం తీరు. ఒక్క మనిషి మెల్లగా పాడితే ఆ మనిషి గొంతు వినబడుతుంది, ఆయన ఊపిరి వినబడుతుంది, ఎక్కడ వణికిందో తెలుస్తుంది. నూట యాభైమంది అదే స్వరాన్ని అంతే మెల్లగా పాడితే ఎవరి గొంతూ విడిగా తెలియదు. స్వరం ఎక్కడ మొదలైందో, ఎటునుంచి వస్తోందో పట్టుకోలేం. హాలంతా నిండి ఉంటుంది కానీ ఒత్తిడి ఉండదు. ప్రార్థన మాటలకు ఇంతకంటే తగిన ధ్వని నాకు తెలియదు.

ఇటలీ స్వరకర్త వెర్డీ రాసిన రెక్వియమ్‌నే తీసుకుందాం, హోరుకు దానికున్నంత పేరు ఇంకోదానికి లేదు కాబట్టి. ఇటలీ రచయిత మాంజోనీ 1873 మే 22న చనిపోయాడు. సరిగ్గా ఏడాదికి, 1874 మే 22న, మిలాన్‌లోని సాన్ మార్కో చర్చిలో ఆయన స్మారకంగా దీన్ని పాడారు. కండక్ట్ చేసింది స్వయంగా వెర్డీయే. క్వయర్ దాదాపు 120 మంది, ఆర్కెస్ట్రా దాదాపు 100 మంది. చర్చిలో ఆడవాళ్ళు పాడటానికి ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. మూడు రోజుల తర్వాత అదే కృతిని లా స్కాలా ఒపేరా హౌస్‌లో వినిపించారు. చర్చిలో చేతులు కట్టుకుని కూర్చున్న ఊరు అక్కడ చప్పట్లతో దద్దరిల్లింది.

అందరికీ గుర్తుండేది 'డీయెస్ ఈరే' భాగం. జెఫన్యా గ్రంథంలో "ఆ దినము ఉగ్రత దినము" అని మనం చదివే మాటే అది. ఆర్కెస్ట్రా మొత్తం కలిసి నాలుగు దెబ్బలు కొడుతుంది. క్వయర్ కేక వేస్తుంది. ఆ దెబ్బలు మళ్ళీ వచ్చినప్పుడు వాటి మధ్య ఖాళీల్లో బాస్ డ్రమ్ ఒంటరిగా మోగుతుంది, తాళానికి ఎదురు. ఆ దెబ్బ పొడిగా, చాలా గట్టిగా రావాలి, అందుకని డ్రమ్ తాళ్ళు బాగా బిగించండి అని వెర్డీ స్కోరులోనే, అంటే స్వరాలు రాసిన ప్రతిలోనే, రాశాడు. మామూలుగా బాస్ డ్రమ్ మోత గుండ్రంగా ఉంటుంది, కాసేపు మూలుగుతూ ఉంటుంది. ఆయనకు ఆ మూలుగు వద్దు. తలుపు మీద పిడికిలి పడ్డట్టు పడి ఆగిపోవాలి.

గుండెలు అదిరే మాట నిజమే. కానీ కాస్త ఆగి తర్వాత ఏం జరుగుతుందో వినండి. కడబూర మోగే ఘట్టం వస్తుంది. వేదిక మీది ట్రంపెట్లకు వేదిక బయట, కంటికి కనబడనిచోట నిలబడ్డ ట్రంపెట్లు బదులు చెబుతాయి. అవి ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పోతాయి, మొత్తం బలగం వచ్చి కలుస్తుంది, ఇక హాలు పట్టదు అనిపించే క్షణంలో టక్కున ఆగిపోతుంది. అడుగు స్థాయిలో పాడే బాస్ గాయకుడు ఒక్కడు మిగులుతాడు. కింద డబుల్ బాస్‌లు తీగల్ని వేళ్ళతో మీటుతుంటాయి. మరణం దిగ్భ్రాంతి చెందుతుంది అని ఆయన పాడాలి. ఆ 'మరణం' అన్న మాట దగ్గరే ఆగిపోతాడు. మోర్స్. నిశ్శబ్దం. మోర్స్. మళ్ళీ నిశ్శబ్దం. వెనక మెత్తగా కొట్టుకుంటున్నదేమిటా అని చూస్తే, ఇందాకటి బాస్ డ్రమ్మే. నన్నడిగితే ఆ కృతిలో భయంకరమైన చోటు ఇది. అంతకుముందు పావుగంటా పోగేసిన బలగమంతా ఈ ఖాళీని చూపించడానికే అనిపిస్తుంది.

అసలు ఆ రెక్వియమ్ మొదలయ్యేదే దాదాపు వినబడకుండా. ధ్వని తగ్గించే మ్యూట్ పెట్టిన చెల్లోలు (వయొలిన్ జాతి పెద్ద వాద్యాలు) కిందికి దిగుతాయి, క్వయర్ 'రెక్వియమ్' అని గొణుగుతుంది. గొంతు లోపలే పాడినట్టు, వీలైనంత మెల్లగా అని సూచన. ఆ ఒక్క మాట కోసం రిహార్సల్లో పడే పాట్లు బయటివాళ్ళకు తెలియవు. క్వయర్లో నిలబడి పాడినవాణ్ణి కాబట్టి ఆ లోపలి సంగతులు కొంచెం చెప్తాను. ఇవి తెలిస్తే కచేరీ ఇంకోలా వినబడుతుంది.

మొదటిది ఊపిరి. ఒక పొడుగాటి వాక్యం ముప్పై సెకన్లు సాగాలనుకోండి, ఏ మనిషికీ అంత ఊపిరి ఉండదు. అందుకని పక్కపక్కనున్నవాళ్ళు ఒకేసారి పీల్చకుండా మాట్లాడుకుంటారు. నువ్వు ఈ మాట మధ్యలో, నేను ఆ మాట మధ్యలో అని స్కోరు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటారు. పీల్చేవాడు గొంతు ముందే తగ్గించి తప్పుకోవాలి, తిరిగి చేరేటప్పుడు అంతకంటే మెల్లగా చేరాలి. అలా చేస్తే బయట కూర్చున్నవాళ్ళకు అంతులేని ఒకే స్వరం వినబడుతుంది. ఏ సోలో గాయకుడికీ, ఎంత గొప్పవాడికైనా, ఇది సాధ్యం కాదు. పెద్ద క్వయర్ ఎందుకంటే ముందు చెప్పాల్సిన కారణం ఇదే.

రెండోది హల్లులు. 'సాంక్టుస్' అనే మాట చివర సకారం ఉంది చూడండి. వందమంది దాన్ని తలా ఒక క్షణంలో పలికితే బుస్సుమని పాకుతూ పోతుంది, అంతసేపు పాడిన అందమంతా పోతుంది. అందుకే క్వయర్ మాస్టర్ ఆ సకారం ఏ దెబ్బ మీద పడాలో కూడా చెప్తారు. కొన్నిచోట్ల సగంమందిని అసలు పలకొద్దంటారు. మెల్లగా పాడేటప్పుడు హల్లులు ఇంకా గట్టిగా ఉండాలి, లేకపోతే మాట అర్థం కాదు. గొంతు తగ్గించి నోరు గట్టిగా వాడటం చాలా కష్టమైన పని.

మూడోది దూరం. శబ్దం ఒక మీటరు దాటడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. క్వయర్ చివరి వరసకూ మొదటి వయొలిన్లకూ మధ్య 15, 20 మీటర్లు ఉంటే ఆలస్యం 50, 60 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. వేగంగా నడిచే చోట ఇది స్పష్టంగా వినబడే తేడా. వెనకవాళ్ళు ఆర్కెస్ట్రాను విని పాడితే కచ్చితంగా వెనకబడతారు. అందుకే వాళ్ళకు చెవుల్ని నమ్మొద్దు, కండక్టర్ చేతిని చూసి పాడండి అని చెప్తారు. సంగీతం నేర్చుకున్నవాడికి చెవుల్ని నమ్మొద్దనడం ఎంత విడ్డూరమో ఆలోచించండి. వేదిక బయట ట్రంపెట్లున్నప్పుడు వాళ్ళకు కండక్టర్ కనబడటానికి టీవీ స్క్రీన్ పెడతారు, లేదా ఇంకో కండక్టర్‌ని నిలబెడతారు.

ఇంక శ్రుతి. వాద్యాలు లేకుండా పాడితే క్వయర్ కొంచెం కొంచెంగా శ్రుతి దిగిపోతుంది. వెర్డీ చివరి భాగంలో సొప్రానో (పైస్థాయిలో పాడే గాయని), క్వయర్ ఏ వాద్యమూ లేకుండా 'రెక్వియమ్' మాటలు మళ్ళీ పాడతారు. చివర సొప్రానో గొంతు ఒక ఆక్టేవ్, అంటే ఒక పూర్తి స్థాయి, పైకి లేచి, పైస్థాయిలో, గుసగుసకు దగ్గరగా ఆగాలి. వెంటనే ఆర్కెస్ట్రా వస్తుంది. అంతసేపు ఎవరు వెంట్రుకవాసి జారినా అప్పుడు బయటపడుతుంది. ఆ కొద్ది నిమిషాలు క్వయర్లో ఉండే టెన్షన్ డీయెస్ ఈరేలో ఉండదు. గట్టిగా పాడటానికి ధైర్యం చాలు.

సరే, ఇప్పుడు చాలామంది అడిగే ప్రశ్న. చర్చిలో ఉండాల్సిన ప్రార్థనకు టికెట్టు పెట్టి హాల్లో పాడొచ్చా? ఇది ఇప్పటి ప్రశ్న కాదు. హాండెల్ తన ఒరటోరియో 'మెస్సయ్య'ను 1741లో ఆగస్టు 22న మొదలుపెట్టి సెప్టెంబరు 14కల్లా ముగించాడు. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో, చర్చిలో కాదు, ఒక సంగీతశాలలో మొదటిసారి పాడారు. జనం పట్టరని ఆడవాళ్ళను గౌన్ల కింద వలయాలు వేసుకోకుండా, మగవాళ్ళను కత్తులు లేకుండా రమ్మని ముందే ప్రకటించారు. సుమారు 700 మంది వచ్చారు. వచ్చిన దాదాపు 400 పౌండ్లు రెండు ఆస్పత్రులకూ అప్పుల ఖైదీలకూ పంచారు, 142 మంది ఖైదీలు విడుదలయ్యారు. మరుసటి ఏడాది లండన్‌కు వచ్చేసరికి గొడవ మొదలైంది. నాటకాలాడే చోట దేవుని మాటలేమిటని పత్రికలో ఆక్షేపించారు. హాండెల్ ఆ పేరే తీసేసి 'కొత్త పవిత్ర ఒరటోరియో' అని మాత్రం ప్రకటించుకున్నాడు. వియన్నాలో 1824 మే 7న బీథోవెన్ తొమ్మిదో సింఫనీ మొదటిసారి వినిపించిన సాయంత్రమే ఆయన 'మిస్సా సొలెమ్నిస్' నుంచి మూడు భాగాలు కూడా పాడారు. థియేటర్లో మాస్ అనకూడదు కాబట్టి ప్రకటనలో 'మూడు మహా స్తోత్రాలు' అని రాశారు.

ఆక్షేపించినవాళ్ళ బాధను నేను తేలిగ్గా తీసుకోను. కానీ హాలే లేకపోతే వీటిలో చాలా భాగం మనదాకా వచ్చేది కాదు. బాఖ్ తన బీ మైనర్ మాస్‌ను చివరి ఏళ్ళలో పూర్తిచేశాడు, ఆయన బతికుండగా దాన్ని మొత్తంగా ఎవరూ పాడినట్టు లేదు. ఆరాధనలో ఇమడనంత పెద్దది అది. ఆయన 'మత్తయి పాషన్' 1727 గుడ్ ఫ్రైడే నాడు లైప్‌జిగ్ చర్చిలో పుట్టింది, ఆయన తర్వాత దాదాపు మరుగునపడింది. దాన్ని లేపింది ఇరవయ్యేళ్ళ కుర్రాడు, మెండెల్‌సన్. 1829 మార్చి 11న బెర్లిన్‌లో, జింగకాడమీ అనే గాన సంఘం హాల్లో. పాడింది ఉద్యోగాలూ కుటుంబాలూ ఉన్న మామూలు మనుషులు, పాట మీద ప్రేమతో వారంవారం చేరి సాధన చేసినవాళ్ళు. ఇప్పటికీ చాలాచోట్ల ఆర్కెస్ట్రాకు జీతాలు ఉంటాయి, క్వయర్ మాత్రం ఉచితంగా పాడుతుంది. పగలంతా పనిచేసి సాయంత్రం రిహార్సల్‌కు వచ్చి, లాటిన్ మాటలు ఒక్కొక్కటీ సరిచేసుకునే ఆ మనుషుల మీద నాకు చాలా గౌరవం.

మత్తయి పాషన్ గురించి రెండు సంగతులు చెప్పకుండా ఉండలేను. రెండు క్వయర్లు, రెండు ఆర్కెస్ట్రాలు ఉన్న కృతి అది. యేసు మాట్లాడిన ప్రతిసారీ తీగవాద్యాలు పొడుగాటి స్వరాలతో ఆయన మాటల చుట్టూ వెలుగులా నిలుస్తాయి. కథ చెప్పే సువార్తికుడికి అవి ఉండవు, ఇంకెవరికీ ఉండవు. రెండు గంటలకు పైగా మన చెవి దానికి అలవాటుపడుతుంది. సిలువ మీద "ఏలీ, ఏలీ, లామా సబక్తానీ" అన్నప్పుడు బాఖ్ ఆ తీగల్ని తీసేస్తాడు. ఆ మాట ఒంటరిగా పడుతుంది. వేదిక మీద ఆ తీగవాద్యాల వాళ్ళు అందరూ అక్కడే ఉన్నారు, చేతిలో విల్లులు ఉన్నాయి, వాయించరు. చేయి విడవడమంటే ఏమిటో ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పారు?

రెండోది, మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడన్నప్పుడు శిష్యులు "ప్రభువా, నేనా?" అని అడిగే చోటు. కొన్ని సెకన్లలో అయిపోతుంది. జాగ్రత్తగా లెక్కపెడితే 'ప్రభువా' అన్న పిలుపు పదకొండుసార్లు వస్తుంది. పన్నెండోవాడు యూదా. వెంటనే క్వయర్ మొత్తం, చాలా నెమ్మదిగా, తప్పు నాదే అని ఒక కీర్తన చరణం అందుకుంటుంది.

బ్రామ్స్ 'జర్మన్ రెక్వియమ్' నాకు అన్నిటికంటే దగ్గరిది, కాబట్టి పక్షపాతం ఉంటే క్షమించండి. ఆయన లాటిన్ ప్రార్థనలు పక్కనపెట్టి, లూథర్ జర్మన్ బైబిలు నుంచి తానే వాక్యాలు ఏరుకున్నాడు. 1865లో ఆయన తల్లి పోయింది. చనిపోయినవారి కోసం ప్రార్థించే బదులు మిగిలినవారిని ఓదార్చే రెక్వియమ్ రాశాడు. "దుఃఖపడువారు ధన్యులు, వారు ఓదార్చబడుదురు" అని మొదలవుతుంది. ఆ మొదటి భాగం మొత్తంలో వయొలిన్లు లేవు. వేదిక ముందు అంతమంది వయొలిన్ వాళ్ళు ఊరికే కూర్చుని ఉంటారు. వయొలాలు, చెల్లోలతో ధ్వని అంతా కిందనే, మసకగా ఉంటుంది, క్వయర్ ఆ మసకలోంచి వస్తుంది. రెండో భాగంలో "సర్వశరీరులు గడ్డిని పోలినవారు" అని అందరూ ఒకే స్వరంలో, మెల్లగా, కింది స్థాయిలో పాడతారు, టింపానీ అనే పెద్ద డోలు అడుగులు వేస్తుంటుంది. అదే మాట, అదే పాట కాసేపటికి నిండు గొంతుతో తిరిగి వస్తుంది. మొదటిసారి మెల్లగా విన్నాం కాబట్టే రెండోసారి తట్టుకోలేం.

దీనికి రుజువు కూడా ఉంది. 1867 డిసెంబరులో వియన్నాలో మొదటి మూడు భాగాలు వినిపించారు. మూడో భాగం చివర టింపానీ ఒకే స్వరం మీద నిలబడాలి, మిగతా అంతా దానిపైన కదలాలి. ఆ రోజు టింపానీ ఎంత గట్టిగా మోగిందంటే క్వయర్ వినబడలేదు. జనంలో కొందరు ఈలలు వేశారు. మరుసటి ఏడాది, 1868 ఏప్రిల్ 10, గుడ్ ఫ్రైడే నాడు బ్రెమెన్ కెథడ్రల్‌లో ఆ కృతి నిలబడింది. ఆ తర్వాత బ్రామ్స్ ఇంకో భాగం చేర్చాడు, సొప్రానో ఒక్కతే సోలో. క్వయర్ కిందనుంచి "ఒకని తల్లి వానిని ఆదరించునట్లు నేను మిమ్మును ఆదరించెదను" అని పలుకుతుంది.

బలగానికి బెర్లియోజ్‌ను మించినవాడు లేడంటారు. ఆయన రెక్వియమ్ 1837 డిసెంబరు 5న పారిస్‌లోని ఇన్వాలీద్ చర్చిలో జరిగింది. నాలుగు మూలల్లో నాలుగు ఇత్తడి వాద్యాల దళాలు, మధ్యలో 16 టింపానీలు. కానీ పది భాగాల్లో ఆ హోరు వినబడేది కొన్నిట్లోనే. ఒక భాగమైతే వాద్యమే లేకుండా గొంతులతో నడుస్తుంది. 'హోస్తియాస్' అనే చోట పైన ఫ్లూట్లు, అట్టడుగున ట్రాంబోన్లు, మధ్యలో ఏమీ ఉండదు. ఆ ఖాళీని వినమని చెప్తాను నేను, ఇత్తడిని కాదు.

హైడన్ 'సృష్టి' చాలామందికి తెలుసు. "దేవుడు వెలుగు కమ్మని పలుకగా వెలుగు కలిగెను." క్వయర్ ఈ వాక్యాన్ని దాదాపు గుసగుసగా పాడుతూ వచ్చి, చివరి 'వెలుగు' మీద మొత్తం ఆర్కెస్ట్రాతో సీ మేజర్‌లో విచ్చుకుంటుంది. 1798లో మొదటిసారి విన్నవాళ్ళు పట్టలేక కేకలు వేశారు. ఆ ముందరి గుసగుస సరిగ్గా లేని కచేరీల్లో ఆ వెలుగు మామూలు పెద్ద చప్పుడైపోతుంది.

గత శతాబ్దం నుంచి ఒక్కటి. కోవెంట్రీ కెథడ్రల్‌ను 1940 నవంబరు 14 రాత్రి బాంబులు కూల్చాయి. పక్కనే కొత్తది కట్టి, 1962 మే 30న అందులో బెంజమిన్ బ్రిటెన్ 'వార్ రెక్వియమ్' వినిపించారు. లాటిన్ ప్రార్థనలు పెద్ద క్వయర్‌కూ పూర్తి ఆర్కెస్ట్రాకూ ఇచ్చాడు. మధ్యమధ్య, మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన విల్‌ఫ్రెడ్ ఓవెన్ కవితల్ని ఇద్దరు గాయకులకూ 12 మంది వాద్యకారులకూ ఇచ్చాడు. సైనికుడి మాట వచ్చినప్పుడల్లా వేదిక మీద అంత జనం నోరు మూసుకుని ఆ పన్నెండుమందిని వినాలి. దూరంగా ఆర్గన్‌తో పిల్లల క్వయర్ వేరే. సోలోలకు ఒక రష్యన్, ఒక ఇంగ్లీషువాడు, ఒక జర్మన్ కావాలనుకున్నాడు. రష్యన్ సొప్రానో విష్నెవ్‌స్కాయాను సోవియట్ ప్రభుత్వం రానివ్వలేదు, ఆ రోజు హెదర్ హార్పర్ పాడింది. 1963 జనవరి రికార్డింగులో మాత్రం విష్నెవ్‌స్కాయా ఉంది.

రికార్డింగుల మాట వచ్చింది కాబట్టి ఒక సలహా. వీటిని ఇంట్లో వింటే ఒక చిక్కు ఉంది. వెర్డీ మొదటి మాట వినబడేలా వాల్యూమ్ పెడితే డీయెస్ ఈరే వచ్చేసరికి పరుగెత్తుకెళ్ళి తగ్గించాలి. డీయెస్ ఈరేకు సరిపడా పెడితే మొదటి మాటే వినబడదు. ఆ రెండు కొసలూ ఒకేచోట పట్టేది హాలు మాత్రమే. అవకాశం దొరికితే హాల్లోనే వినండి. మొదటి వరసల్లో కూర్చోకండి, అక్కడ వయొలిన్లు క్వయర్‌ను కప్పేస్తాయి. పైన బాల్కనీ సీటు తరచుగా చవక, క్వయర్ ఇంకా బాగా వినబడుతుంది. మాటల అర్థం ముందురోజే చదువుకోండి. ఇవి చాలా చిన్న పాఠాలు, పెద్దగా సమయం పట్టదు, కచేరీలో కాగితం తిప్పే చప్పుడూ తప్పుతుంది. మొదటిసారైతే వెర్డీ కంటే బ్రామ్స్‌తో మొదలుపెట్టండి, వయొలిన్లు ఎప్పుడు లేస్తాయో కనిపెట్టుకుని ఉండండి.

నా మాటలు ఇంతే. ఇక మీ ప్రశ్నలు అడగండి.